గోడ అలిగింది

అక్టోబర్ 26, ఆదివారం

ముందుగా క్షమించమని అడుగుతున్నాను. నా అక్షరాలు కోడి గెలికినట్టు ఉంటాయి. ఏడో తరగతి వరకే చదివాను, ఆ తర్వాత పత్తి చేనుకు పోయాను. ఒత్తు ఎక్కడ పెట్టాలో అనుమానం వచ్చినప్పుడల్లా పెట్టేస్తాను, లేనిదానికంటే ఉన్నది నయమని. అసలు ఎవరిని క్షమించమంటున్నానో కూడా తెలియదు. దీన్ని ఎవరూ చదవరు. విత్తనాల దుకాణం వాళ్ళు పోయిన ఏడాది మా ఆయనకు ఊరికే ఇచ్చిన డైరీ ఇది. ఇందులో ఈ రోజు శనివారం అని అచ్చయి ఉంది. కొట్టేసి ఆదివారం అని రాశాను.

ఇవాళ జయశ్రీ అక్క కూతురి పుట్టినరోజు. మా వెంచర్‌లో ఇరవై రెండు ఇళ్ళు, మిగతావన్నీ హద్దురాళ్ళు. ఇరవై రెండు ఇళ్ళవాళ్ళూ వాళ్ళ డాబా మీదే ఉన్నారు. మేం గద్వాల వచ్చి ఎనిమిది నెలలైనా అంతమంది మధ్య నేను కూర్చోవడం ఇదే మొదలు. జయశ్రీ అక్క నా పళ్ళెం దగ్గర ఆగి, "వనజా, బగారన్నం ఎట్లుంది?" అని అడిగింది. చాలా బాగుంది అనాలా, ఉత్త బాగుంది అంటే చాలా అని ఆలోచిస్తున్నాను. నిజానికి లవంగం ఎక్కువైంది. అంతలో పక్కనుంచి మా ఆయన అందుకున్నాడు.

"దాన్నేం అడుగుతవక్కా. మా ఇంట్ల గోడకైన నోరుంటది గని దీనికి లేదు."

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. అదే ఇప్పుడు ఇంకా మండుతోంది.

నాలుగు ప్లాట్లు దాటి ఇంటికి నడిచి వచ్చేలోపు నిర్ణయించుకున్నాను. గోడ అన్నాడు కదా, గోడలాగే ఉంటాను. ఏమైంది వనజా అని తనంతట తాను అడిగేదాకా ఒక్క మాట మాట్లాడను.

రేపు పొద్దునకే అడుగుతాడు. పాపం.

అక్టోబర్ 27, సోమవారం

అడగలేదు.

అక్టోబర్ 28, మంగళవారం

వాన. మా ఆయన వరికోత మిషన్ నడుపుతాడు. మళ్ళలో నీళ్ళు నిలిస్తే మిషన్ దిగదు, కాబట్టి పొద్దంతా ఇంట్లోనే ఉన్నాడు. పొద్దంతా మాట్లాడాడు. మిషన్ బెల్టు గురించి, మిషన్ ఓనరు చెన్నయ్య గురించి, రాయచూరు దిక్కు మనుషులు భోజనంలో పెట్టే చట్నీల గురించి. మధ్యమధ్యలో నన్ను ఏదో అడుగుతాడు. జవాబు కూడా తనే చెప్పుకుంటాడు.

"పప్పుల ఉప్పు తక్కువైనట్టుంది గద? ఆ, తక్కువే. ఏం ఫరక్ పడదు తియ్."

ఇంకొకసారి, "వాన రేపు తగ్గుతదంటవా? తగ్గదు. నువ్వన్నదే నిజం."

నేనేమీ అనలేదు. నేనన్నదే నిజమట.

"ఛాయ్ పెడ్తవా" అంటే పెట్టి ఇచ్చాను. ఇచ్చాక తట్టింది, ఛాయ్ ఇవ్వడం కూడా జవాబు చెప్పడమే కదా అని. రేపటి నుంచి ముఖం పక్కకు తిప్పుకుని ఇస్తాను.

అక్టోబర్ 29, బుధవారం

ముఖం పక్కకు తిప్పుకుని ఇచ్చాను.

"మెడ పట్టిందా ఏంది?" అని వానలో వెళ్ళి నొప్పుల మందు తెచ్చాడు. తనే రాశాడు కూడా. చల్లగా, హాయిగా ఉంది. అయినా ఇది లెక్కలోకి రాదు.

అక్టోబర్ 31, శుక్రవారం

గ్యాసు అయిపోయింది. చెప్పకుండా చెప్పడం ఎట్లా? ఖాళీ సిలిండర్‌ను దొర్లించి గుమ్మానికి అడ్డంగా పెట్టాను. ఆయన బయటికి పోబోయి తట్టుకుని ఆగాడు.

"అయిపోయిందా? చెప్పరాదా మల్ల," అని భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

చెప్పరాదా అన్నాడు. అంటే గమనించినట్టేనా అని సాయంత్రం దాకా ఎదురుచూశాను. గమనించినట్టు కాదు.

నవంబర్ 1, శనివారం

లింగాల నుంచి అమ్మ ఫోన్ చేసింది.

"అల్లుడు మంచిగ మాట్లాడుతుండా బిడ్డా?"

"మస్తు మాట్లాడుతుండమ్మా."

అబద్ధమేమీ చెప్పలేదు.

నాకు కోపం కూడా లేదు. ఎన్నాళ్ళకు తెలుస్తుందో చూద్దామని ఊరికే చూస్తున్నాను. రోజులు లెక్కపెట్టడం కూడా లేదు. ఆరు.

నవంబర్ 2, ఆదివారం

పక్కింటి మెహబూబీ జాకెట్లు కుడుతుంది. వెంచర్‌లో అందరూ ఆమెను ఖాలా అంటారు. చేతులు బిగుతైన జాకెట్‌కు కుట్లు విప్పించుకుందామని వెళ్ళాను. సూదిలోకి దారం ఎక్కిస్తూ, "ఎట్లున్నవ్ బిడ్డా?" అని అడిగింది. అంతే. వారం నుంచి లోపల ఆగినవన్నీ ఒక్కసారే బయటికి వచ్చాయి. పుట్టినరోజు, గోడ, ఛాయ్, మెడనొప్పి, సిలిండర్. ఖాలా కుట్టు ఆపి వింది.

"అయితె దేవరాజు తోని ఏడు దినాల సంది మాట్లాడ్త లేవు."

"లేను."

"ఆయినకు తెల్వదు."

"తెల్వదు."

"చెప్పకుంట అలిగితే అది అలుగుడు గాదు బిడ్డా, ఉపాసం. ఎవ్వలకు తెల్వకుంట నువ్వొక్కదానివే మాడుతవ్. పోయి చెప్పు, నేను నీతోని మాట్లాడ్త లేనని."

"చెప్తే మాట్లాడినట్టే గద ఖాలా."

ఖాలా కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. నవ్వు ఆపుకోవడానికే అని నాకు తెలుసు. "పోనీ నేను చెప్పన్నా?"

వద్దని ఒట్టు వేయించుకున్నాను. ఇంకొకరు చెబితే తెలిసినా అది తెలిసినట్టు కాదు.

ఆయన పేరు నేను పలకను. మా అమ్మ కూడా మా నాన్న పేరు పలకదు. పైన రాసింది ఖాలా అన్న మాట కాబట్టి రాశాను. రాస్తే పలికినట్టు కాదనుకుంటాను.

నవంబర్ 4, మంగళవారం

కార్తీకం కదా, వెంచర్ అంతా వనభోజనాలకు వెళ్దామని, ఆ సంగతి మాట్లాడడానికి జయశ్రీ అక్క ఆడవాళ్ళందరినీ పిలిచింది. వచ్చే ఆదివారం. ధరూర్ దాటినాక ఖాలా మరిది ఇమామ్ సాహెబ్‌కు మామిడితోట ఉంది, అక్కడికి. స్కూలు బస్సు ఒకటి మాట్లాడారు.

"ఉసిరి చెట్టు కింద తినాలె గద, ఆడ ఉసిరి ఉందా?" అని ఎవరో అడిగారు.

"ఉసిరి కొమ్మ తెచ్చి మామిడికి కడ్తే అయిపాయె. మన తిప్పలు దేవునికి తెల్వదా," అంది జయశ్రీ అక్క. "పులిహోర నేను జేస్త. వంకాయ అక్కడ్నే వండుదాం. జొన్న రొట్టెలు ఎవరు జేస్తరు? అరవై గావాలె."

అందరూ ఎటో చూశారు. "నేను చేస్త" అని ఎవరో అన్నారు. అన్నది నేనే.

జయశ్రీ అక్క నన్నే చూస్తూ ఉండిపోయింది. "నీ గొంతు గిట్లుంటదా వనజా. ఎనిమిది నెలల సంది దాసిపెట్టినవ్ గదనే."

ఇంకా రెండు మాటలు కూడా మాట్లాడాను. పిండి కొత్త జొన్నలది కాకూడదని, రొట్టె విరుగుతుందని. అందరూ సరే అన్నారు. నేను చెబితే సరే అన్నారు.

ఇంటికి వచ్చి ఆయనకు ఇదంతా చెబుదామని నోరు తెరిచి, గుర్తొచ్చి మూసుకున్నాను. అన్నం కూడా సయించలేదు. జలుబు వల్ల అనుకుంటాను.

నవంబర్ 5, బుధవారం

పున్నమి. ఉసిరికాయ మీద దీపం పెట్టాను. ఏం మొక్కుకున్నానో రాయను.

నవంబర్ 6, గురువారం

చెన్నయ్య ఫోన్ చేశాడు. రాయచూరు దిక్కు మళ్ళు ఆరాయట. బుధవారం పొద్దున మిషన్ కదులుతుంది. నలభై రోజులు.

"జొన్నపిండి, కారం జర ఎక్కువ కట్టు," అన్నాడు ఆయన. తలుపు వెనక నిలబడి వేళ్ళ మీద లెక్క వేసుకున్నాను. ఆరు రోజులు ఉంది.

నేను భయపడుతున్నది నలభై రోజులకు కాదు. పోయిన యాసంగి కోతకు పోయినప్పుడు రోజూ ఫోన్ చేసేవాడు, తనే మాట్లాడేవాడు, నేను ఊ అనేదాన్ని. ఇప్పుడు తెలియకుండానే వెళ్ళిపోతే, నేను మాట్లాడినా మాట్లాడకపోయినా ఆయనకు ఒకటే అని తేలిపోతుంది. ఆ సంగతి తేలడం నాకు ఇష్టం లేదు. నేనే ముందు మాట్లాడితే అది తేలదు. కానీ అప్పుడు ఎప్పటికీ అనుమానం ఉంటుంది.

అడగాలి. ఒక్కసారి అడిగితే చాలు.

నవంబర్ 7, శుక్రవారం

గట్టిగా నిట్టూర్చాను. నాలుగుసార్లు.

"దగ్గు మందు తేవాల్నా?" అన్నాడు.

ఇల్లంతా మందులే అయ్యాయి.

నవంబర్ 8, శనివారం

అరవై రొట్టెలు. ఖాలా ఒక పొయ్యి మీద కాల్చింది, నేను చేతులతో కొట్టాను. ముప్ఫై దాటాక ఖాలా అంది, "బిడ్డా, రొట్టె కొట్టు గని పీట ఇరగ్గొట్టకు. అది మాది."

ఆయన గడప దగ్గర కూర్చుని ఒకటి తీసుకుని, ఇంకొకటి తీసుకుని, ఇంకొకటి కూడా తీసుకుని తిన్నాడు. ఏమీ అనలేదు. ఖాలా నావైపు చూసి, ఒట్టు గుర్తొచ్చి, పైట నోట్లో కుక్కుకుంది.

నవంబర్ 9, ఆదివారం

చేతి వేళ్ళు వాచి కలం పట్టుకోవడం రావడం లేదు. రేపు రాస్తాను. పధ్నాలుగు రోజులు అయిపోయాయి, అంతవరకు రాస్తే చాలు.

నవంబర్ 10, సోమవారం

నిన్న బస్సులో ఆడవాళ్ళు ముందు, మగవాళ్ళు వెనక. పాటలు పాడుకుంటూ వెళ్ళాం. నేను పాడలేదు కానీ చప్పట్లు కొట్టాను.

తోటలో అన్నిటికంటే పెద్ద మామిడి చెట్టు చూసి, దాని మొదలుకు ఉసిరి కొమ్మ కట్టారు. జయశ్రీ అక్క భర్త అనిల్ అన్న సాంబ్రాణి వేశాడు. ఆయనకు ఏ పనైనా నిండుగా చేయడం అలవాటు. పొగ చెట్టంతా కమ్మింది.

"జర తక్వ వెయ్ అనిల్, దేవునికి దగ్గొస్తది," అన్నాడు ఇమామ్ సాహెబ్.

పక్కనే వంకాయకు పొయ్యి పెట్టారు. కట్టెలు మొన్నటి వానకు తడిసి ఉన్నాయి, ఆ పొగ వేరే. భోజనాలకు ఇంకా టైముందని మా ఆయన చెట్టుకు అవతలి వైపు తువ్వాలు ముఖం మీద వేసుకుని పడుకున్నాడు. పైన కొమ్మకు తేనెపట్టు ఉంది. ఆకుల మధ్య ఉంది, ఎవరికి కనబడుతుంది.

ముందు ఒక చప్పుడు వచ్చింది, దూరంగా మోటారు వేసినట్టు. తర్వాత అనిల్ అన్న చెవి పట్టుకుని గెంతాడు. ఆ తర్వాత ఎవరూ ఎవరికోసం ఆగలేదు. జయశ్రీ అక్క గరిటెతోనే పరుగెత్తింది. అనిల్ అన్న సాంబ్రాణి పాత్ర వదలకుండా పరుగెత్తాడు, తేనెటీగలు ఆయనతోనే వచ్చాయి. "అది పారెయ్యండ్రి ముందు," అని జయశ్రీ అక్క గరిటె చూపించేదాకా ఆయనకు తట్టలేదు. అందరం బస్సెక్కి అద్దాలు వేసుకున్నాం. ఖాలా తలలు లెక్కపెట్టింది. ఒకటి తక్కువ.

అద్దంలోంచి చూశాను. చెట్టు కింద తువ్వాలు అట్లాగే ఉంది.

తలుపు కొంచెం తీసి, "ఏమయ్యో," అని పిలిచాను. బస్సులో ఐదుగురు "ఆఁ" అన్నారు. పిలవాల్సినవాడు కదలలేదు. మళ్ళీ పిలిచాను. మళ్ళీ ఆ ఐదుగురే. అప్పుడు నా నోట్లోంచి ఆ పేరు వచ్చింది.

"దేవరాజూ."

అంత గొంతు నాకుందని నాకే తెలియదు. తోట చివర మేకలు కూడా తలెత్తాయి. ఆయన లేచి కూర్చున్నాడు. లేవగానే చేతులు ఊపడం మొదలుపెట్టాడు. మా లింగాలలో చిన్నపిల్లలకు కూడా తెలుసు, తేనెటీగల ముందు చేతులు ఊపకూడదు, కప్పుకుని కదలకుండా ఉండాలి. కూర్చోవడానికి తెచ్చిన జంపఖానా బస్సు మెట్ల దగ్గరే ఉంది. అది లాక్కుని పరుగెత్తి, ఆయన మీద వేసి, నేను కూడా దూరాను.

లోపల చీకటి. దుమ్ము. బయట ఒకటే హోరు.

"ఎవరు?" అన్నాడు.

"కదలకు. ఊపిరి మెల్లగ తీస్కో."

"ఎవరమ్మా నువ్వు?"

"నేనే."

"నేనే అంటే?"

"మీ ఇంట్ల గోడను."

చీకట్లో తడిమి నా గాజులు పట్టుకున్నాడు.

"వనజా? గంత గట్టిగ పిలిసింది నువ్వా? నేనెవరో పోలీసులనుకున్న."

ఇక నేను ఆగలేదు. లవంగం ఎక్కువైందని నేను చెప్పబోయానని, అంతలో ఆయన అందుకున్నాడని, అందరూ నవ్వారని, ఆ రోజు నుంచి మాట్లాడడం లేదని, మెడ పట్టలేదని, దగ్గు లేదని, జయశ్రీ అక్క నా మాట విందని, ఆ మాట చెబుదామని వచ్చి చెప్పలేకపోయానని, నలభై రోజులు పోతున్నాడని. ప్రతి మాటకూ ఆయన ఊ అన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. మనసు పెట్టి వింటున్నాడని నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇమామ్ సాహెబ్ దూరంగా ఎండుగడ్డి మంట వేసి, తేనెటీగలు సర్దుకున్నాక వచ్చి జంపఖానా ఎత్తాడు. చూద్దును కదా, మా ఆయన పెదవులు రెండూ గుత్తి వంకాయల్లా ఉన్నాయి. ఊ తప్ప ఇంకేదీ అనే వీలు లేకనే ఊ అన్నాడు.

గద్వాలలో దవాఖానకు పోయి సూది వేయించాం. భోజనాలు బస్సులోనే అయ్యాయి. రొట్టెలు ఒక్కటీ మిగల్లేదు.

ఇవాళ కూడా ఆయనకు మాట రావడం లేదు. పొద్దున్నుంచి నేనే మాట్లాడుతున్నాను.

నవంబర్ 11, మంగళవారం

పెదవులు సగం తగ్గాయి. ఇంకా మాట సరిగ్గా రాదు కాబట్టి ఎదురుగా కూర్చుని ఫోన్‌లో టైపు చేసి నాకు చూపిస్తాడు. నేను కూడబలుక్కుని చదువుతాను.

మొదట రాసింది, తప్పైంది.

తర్వాత రాసింది, అందరు నిన్నే చూస్తుంటే నువ్వు పరేషాన్ అయితవని నేను నడిమిట్ల దూరిన, నోటికొచ్చింది అన్న.

తర్వాత చాలాసేపు ఆలోచించి రాశాడు. నువ్వు అలిగింది రెండో నాడే తెలిసింది.

"ఎట్ల?"

రొట్టె కొట్టే చప్పుడు.

"మరి అడుగలేదేంది?"

ఆయన ఫోన్ వెనక్కి దాచుకున్నాడు. నేను గుంజుకుని చదివాను. కోపంల రొట్టె మస్తు పల్చగ వస్తుంది. ఇంక రెండు దినాలు తిందామని.

ఆ ఒక్క ముక్క చదివాక మళ్ళీ మాట్లాడడం మానేద్దామనుకున్నాను. కుదరలేదు. ఆయన నవ్వబోయి పెదవి నొప్పితో అరిచాడు, అది చూసి నాకు నవ్వు వచ్చింది.

ఆయనకు తెలుసు. రెండో రోజు నుంచే తెలుసు. ఈ మాట మూడుసార్లు రాసుకోవాలని ఉంది కానీ పేజీ అయిపోతుంది.

నవంబర్ 12, బుధవారం

పోయాడు. రొట్టెలు ఇరవై కట్టాను. దళసరిగా వచ్చాయి.

నవంబర్ 14, శుక్రవారం

ఫోన్ చేశాడు.

"మూతి తగ్గిందా?"

"తగ్గింది."

తర్వాత ఏమీ అనలేదు. మిషన్ చప్పుడు వినబడుతోంది, మనిషి మాట్లాడడం లేదు. నాకు భయమేసింది.

"మాట్లాడవేంది?"

"నువ్ చెప్పు. నేను వింట."

ఏం చెప్పాలో తెలియక, పొద్దున పాల ప్యాకెట్ చిరిగిన సంగతితో మొదలుపెట్టాను. ఆయన ఫోన్‌లో చార్జింగ్ అయిపోయేదాకా చెప్పాను.

నవంబర్ 16, ఆదివారం

వెంచర్ గ్రూపులో జయశ్రీ అక్క ఫోటో పెట్టింది. నేను జంపఖానా పట్టుకుని పరుగెత్తుతున్నది, బస్సులోంచి తీసింది. కింద వనజ ధైర్యం అని రాసింది. ఇరవై రెండు ఇళ్ళ నుంచి దండాలు, చప్పట్లు. మా నాన్న పెంటయ్యకు కూడా ఎవరో పంపారట, లింగాలలో అందరికీ చూపిస్తున్నాడట. వచ్చే నెల ఇంకో తోటకు పోదామని, చెట్టు నేనే చూసి చెప్పాలని అక్క అంటోంది.

ఇంక దాచి లాభం లేదు. పదో తేదీ పేజీలో ఒక అబద్ధం రాశాను. తేనెపట్టు ఎవరికీ కనబడలేదని అర్థం వచ్చేట్టు రాశాను. నాకు కనబడింది. బస్సు దిగగానే కనబడింది. అడవి పక్క పుట్టినదాన్ని, నాకు కనబడక ఇంకెవరికి కనబడుతుంది. పళ్ళెమంత ఉంది. అక్కకు చెబుదామని మూడుసార్లు దగ్గరకు వెళ్ళి సిగ్గుపడి వెనక్కి వచ్చాను. అంతవరకు సిగ్గే. ఆ తర్వాత ఆయన తువ్వాలు తీసుకుని సరిగ్గా ఆ కొమ్మ కిందికే వెళ్ళాడు. నేను అక్కడే ఉన్నాను. ఆ చెట్టు కింద వద్దు అంటే సరిపోయేది, నాలుగు మాటలు. కానీ పధ్నాలుగో రోజు అది. ఇంత దూరం వచ్చి ఇప్పుడు నేనే ముందు మాట్లాడాలా అనుకున్నాను. ఒకటి కుట్టినా తెలిసొస్తుంది అని కూడా అనుకున్నానేమో. అనుకోలేదనే రాద్దామనుకున్నాను కానీ రాయలేకపోతున్నాను.

ఆయన వచ్చాక నేనే చెబుతాను. అప్పటికి నవ్వినా పెదవి నొప్పి పెట్టదు. అంతకుముందు ఈ డైరీ చెప్పకూడదు, పెట్టె అడుగున చీరల కింద పెడుతున్నాను. అయినా ఎవరి చేతికైనా చిక్కితే, పేజీ తిప్పకుండా కట్టెల పొయ్యిలో వేయండి. అట్ట గట్టిది, తొందరగా అంటుకోదు, చింపి వేయండి. ఇక్కడిదాకా చదివేసిన వాళ్ళయితే కాల్చేసి నోరు మూసుకుని ఉండండి. అదేమంత కష్టం కాదు. నేను పధ్నాలుగు రోజులు ఉన్నాను.